నీలం గ్లాసు మావయ్య

కంటితో చూసిందేదీ నోట పెట్టకూడదని మా మావయ్య పట్టు. ముప్పై ఏళ్లుగా ఆలివ్ నూనె మిల్లులో రుచి చూడటమే ఆయన ఉద్యోగం. నూనె రంగు కనపడకుండా నీలం గ్లాసులో పోసుకోవడం ఆ పనిలో పద్ధతే, కాదనను. కానీ ఇంట్లో కాఫీ, పాలు, చివరికి దగ్గు మందు కూడా నీలం గ్లాసులోనే!

"కాఫీ రంగు లోకానికంతా తెలుసు. అదీ దాచాలా?" అనేది అత్తయ్య.

"కళ్లు చాడీలు చెబుతాయే. పిచ్చి నాలుక నమ్మేస్తుంది."

అదే మిల్లు ల్యాబ్‌లో పనిచేసే నాకూ పాఠం తప్పేది కాదు. "పచ్చికాయ నూనె ఆకుపచ్చగా, పండినకాయ నూనె పసుప్పచ్చగా వస్తుంది. అంతమాత్రాన రంగే రుచి కాదు. గొంతులో గుచ్చే ఘాటు వేరే సరుకురా!" ఘాటైన నూనె తగిలితే ఖళ్లున దగ్గేవాడు. దగ్గు తెప్పించే నూనే మేలురకం కనక, ఆ దగ్గు కోసం రైతులు చెవులు రిక్కించేవారు.

ఒక ఏడాది, భర్త పోయిన దుఃఖంలో ఉన్న రైతమ్మ ఒకావిడ ఆలస్యంగా కాయ కోసి తెచ్చింది. నూనె మాత్రం చిలకపచ్చగా దిగింది. మేనేజరు మురిసిపోయాడు. యంత్రానికి వీపు పెట్టి నిలబడ్డ మావయ్య, గ్లాసందుకుని ఒక్క గుటక వేసి మొహం చిట్లించాడు.

"ఆకు పడింది."

నేను రైతమ్మ వైపు చూశాను. పచ్చరంగు కోసం కాయలో ఆకు కలిపిన రైతును మా మిల్లు మళ్లీ గడప తొక్కనివ్వదు.

"తప్పు నాదే. కాయల్లోంచి ఆకులు ఊదేసే ఫ్యాను చప్పుడుకి వాసన తెలియట్లేదని నేనే కాసేపు ఆపేశాను. ఆకులు ఎగిరిపోలేదు" అన్నాడు మావయ్య.

ఆయన పిచ్చి ఊరంతా ఎరిగిందే కనక మేనేజరు నమ్మేశాడు, నానా చీవాట్లూ పెట్టి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. ఫ్యాను పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉంది!

రైతమ్మ భోరుమంది. "నేనే కలిపానన్నయ్యా, ఎగరకుండా తడిపి మరీ. ఆయనున్నప్పుడు మా నూనె పచ్చగా ఉండేది. ఇప్పుడు పాలిపోయి వస్తే మిల్లువాళ్లు డబ్బా మీద ఆయన పేరు ఉండనివ్వరేమోనని..."

"మిగతా కాయ ఆడించమ్మా, ఒట్టి కాయే."

ఈసారి నూనె పసుప్పచ్చగా దిగింది. మావయ్య మళ్లీ వీపు తిప్పేశాడు. తాగాడు. దగ్గలేదు. ఆమె బిక్కచచ్చిపోయింది.

"ఘాటు లేదు. అబద్ధమెందుకు చెప్పను? కానీ కమ్మగా ఉంది, ఏ దోషమూ లేదు. డబ్బా మీద ఆయన పేరే రాయించుకో."

"మరి రంగు, అన్నయ్యా?"

"ఏమోనమ్మా, నేను చూళ్లేదు."

ఆమె కళ్లు తుడుచుకుని ఫక్కున నవ్వింది.