బూటు జాగ్రత్త

మా కారు ముందు స్ప్రింగులు ఎంత కుంగిపోయాయంటే, మధురవాడలో ఏ స్పీడు బ్రేకరు కనిపించినా ముక్కు నేలకానించి సాష్టాంగపడేది. ఒకసారి మా అత్తగారి తల కప్పుకు తగిలింది. కప్పుకు సొట్ట పడిందని నేనంటాను, తలకు బొప్పి కట్టిందని ఆవిడంటారు. సోమవారం పొద్దున్నే ఆవిడకు కంటి ఆపరేషను. ఆటో ఎక్కనంటే ఎక్కరు. అందుకని కొత్త స్ప్రింగులు కొని డిక్కీలో పెట్టుకుని, ఆదివారం చర్చి నుంచి అటే ఉక్కునగరం పోయి, బావమరిది క్వార్టరు ముందు కారు ఆపాను. అతను ప్లాంటులో ఫిట్టరు. రెండింటికి షిఫ్టు.

జాకీ ఎత్తి చక్రం విప్పాడు. స్ప్రింగు ఉండే స్ట్రట్టు బోల్టులు వదులు చేసి, చక్రం బిగించే ఇనప దిమ్మను నా చేతికప్పగించాడు. పోర్టులో క్రేన్లు కూడా అంత బరువు మోసి ఉండవు. ఆఖరి బోల్టు లాగుతూ అరిచాడు, "బూటు జాగర్త బావా!"

కిందికి చూసుకున్నాను. చర్చికని వేసుకున్న కొత్త తోలు బూట్ల పక్కన నూనె చుక్క. నా కంటికది బంగాళాఖాతం. గభాలున దిమ్మ వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాను. దిమ్మ బయటికి వాలింది, దానితోపాటు యాక్సిలూ సాగింది. బావమరిది భుజం అడ్డం పెట్టి ఆపాడు.

"ఏటి సేత్తన్నావ్! బూటు జాగర్తని సెప్పినానా లేదా?"

"ఒక్క చుక్క అంటలేదు కదయ్యా!"

"నీ కాలి బూటు ఎవడిక్కావాల? నాను సెప్పింది యాక్సిల్ బూటు!"

అప్పుడు చూశాను. యాక్సిలు చివర, మడతలు మడతలుగా నల్ల రబ్బరు తొడుగు. లోపల గ్రీజు. దిమ్మ వేలాడితే తొడుగు సాగి చిరుగుతుందట. గ్రీజు బయటికి, ఇసుక లోపలికి, ఆపైన యాక్సిలే పోతుందట.

"సిరిగిందనుకో, రేపు మాయమ్మని నువ్వే ఈపు మీద మోసుకెల్లాల. బెల్టియ్యి!"

ఇచ్చాను. దిమ్మను బెల్టుతో పైచట్రానికి బిగించి, కింద ఇంకో జాకీ ఆన్చాడు. నేను ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో ఫోన్ లైటు పట్టుకున్నాను. ఒక్కో మడతా వేలితో విప్పి చూశాడు. ఇంటర్ రిజల్టప్పుడు కూడా నేనంతసేపు ఊపిరి బిగబట్టలేదు. వేలు పొడిగా బయటికొచ్చింది.

"బతికిపోనావ్."

రెండోవైపు ముందే తాడుతో కట్టి, పానా తగలకుండా రబ్బరుకు గుడ్డ చుట్టి, అప్పుడుగానీ బోల్టు ముట్టుకోలేదు. నన్ను మాత్రం గేటవతల నిలబెట్టాడు. కొత్త స్ప్రింగులు బిగించాక స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతూ సెక్టారంతా తిరిగొచ్చాం. టకటకమన్న చప్పుడు లేదు. అతను మళ్లీ కింద దూరి తొడుగులు రెండూ తడిమి, స్నానానికి పరిగెత్తాడు.

అత్తగారికి ఫోన్ చేసి కారు సిద్ధమన్నాను.

"ఎవలు బాగుసేసినారు?"

"మీ అబ్బాయే."

"మీరు సెయ్యెట్టలేదు కదా అల్లుడుగారూ?"

"లేదండీ."

"అయితే ఎక్కుతాను."