రాజలింగు మామ విన్న మాట

పని మీద ఏ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టినా, గ్రీజు వాసన తగలగానే నాకు రాజలింగు మామ గుర్తొస్తాడు. మంచిర్యాల దగ్గరి బొగ్గుగని కాలనీలో మా పక్క క్వార్టర్ ఆయనది. చుట్టమేమీ కాదు. గనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనా ఆయన చొక్కాల్లోంచి ఆ వాసన పోలేదు. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఎవరైనా అడిగితే "మిషన్ల పడ్డయి" అని ఊరుకునేవాడు.

హైదరాబాద్‌లో యూనివర్సిటీ సీటొచ్చినప్పుడు, మొదటి సంవత్సరంలో చదివే భాషను మేమే ఎంచుకోవాలన్నారు. నేను చైనీస్ తీసుకుంటానన్నాను, దాంతోపాటు ఆ దేశ చరిత్ర కూడా. ఆ అక్షరాలు బొమ్మల్లా ఉన్నాయన్నది తప్ప నా దగ్గర వేరే కారణం లేదు. బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "గా భాష గీడ ఎవలు మాట్లాడుతరు? నౌకరీ ఎవలిస్తరు?" అన్నాడు. మూడు రోజులు మాటల్లేవు. ఇక ఇంగ్లీషే రాసేద్దామనుకున్నాను.

నాలుగోనాడు మామ నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు. కొత్త యంత్రం బిగించడానికి చైనా నుంచి ఇంజినీర్లు వచ్చినప్పుడు, వాళ్లలో ఒకాయన, మామ జోడీగా పనిచేసేవారట. అందరికీ కలిపి దుబాసీ ఒక్కడే కాబట్టి, వాళ్లిద్దరి మధ్య అంతా సైగలతోనే. మామ డబ్బాలోని పచ్చిపులుసు కూడా ఆయన ఇష్టంగా తాగేవాడట.

"ఒకనాడు దుబాసీ పైకి పోయిండు. నేను మిషన్ల చెయ్యి పెట్టిన. ఆయన ఎనుక నుంచి 'దొంగ్, దొంగ్' అని ఒర్లిండు. నన్ను దొంగంటున్నడా అని కోపమొచ్చి గిర్రున తిరిగిన. గప్పుడే పోయినయి వేళ్లు. గా ఒక్క తెలుగు మాట ఎట్ల నేర్సిండో, నన్నెందుకు అన్నడో నాకు సమజ్ కాలే. నువ్వు చదువు బిడ్డా. జర అడిగి చెప్పు."

బాపుతో మామే మాట్లాడాడు. ఏం చెప్పాడో తెలియదు. మర్నాడు బాపు నా ఫారం మీద సంతకం పెట్టాడు.

చలికాలంలో ఒకరోజు మా చైనీస్ మేడమ్ క్లాసులో ఆట ఆడించింది. ఆమె 'బ్యే దోంగ్' అనగానే మేము ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోవాలి. కదలకు అని దానికి అర్థం. ఆట అయిపోయి అందరూ కూర్చున్నా నేను నిలబడే ఉన్నాను.

ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. సెలవులకు వెళ్లి, అదే అరుగు మీద చెప్పాను. "మామా, ఆయన దొంగ అనలే. కదలకు అన్నడు."

ఆయన నాతో ఆ మాట మూడుసార్లు అనిపించుకున్నాడు. "దవాఖానల నా మంచం కాడ ఒక పూటంత నిలబడ్డడు బిడ్డా. నేను గోడ దిక్కు తిరిగి పన్న" అన్నాడు. తర్వాత, తప్పైందని వాళ్ల భాషలో ఎట్లంటారో అడిగాడు. 'దుయ్ బు ఛీ' అని నేర్పాను. నాలుక తిరగలేదు. అయినా ఆ ఇంజినీరు ఎక్కడున్నాడో తెలియని మనిషి, సరిగ్గా వచ్చేదాకా అంటూనే ఉన్నాడు.

మామ పోయి నాలుగేళ్లు. నేనిప్పుడు దుబాసీని. రెండు వైపుల మనుషుల మధ్య కూర్చున్నప్పుడు ఒకరి ముఖం ఉన్నట్టుండి ఎర్రబడితే, తర్జుమా ఆపేసి, ముందు వాళ్లనే అడుగుతాను: "మీకేం వినపడింది?" ఆలస్యమవుతోందని కంపెనీ పెద్దలు గడియారం చూసుకుంటారు. చూసుకోనిస్తాను.