ఏనుగు సినిమా ముగింపు కోసం సంగారెడ్డికి

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. చిన్నప్పుడు ప్రాణం పెట్టిన ఏనుగు సినిమాను అక్కడి హాల్లో మళ్ళీ వేస్తున్నారు. వెళ్ళింది సరదాకి కాదు. నా నవల చివరి అధ్యాయం ఆ సినిమా ముగింపులాగే ఉందని అనుమానం. పోలిక ఎంతో చూసుకోకుండా అచ్చుకు ఇవ్వలేను.

కండక్టర్ ఆధార్ చూసి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ కొట్టాడు. పక్క సీటామె ఎక్కడికని అడిగింది. పోతిరెడ్డిపల్లిలో ఉండే సరితక్కతో సినిమాకి అన్నాను.

“గా కథలు రాసే సరితమ్మనా? మా గల్లీనే! మస్తు రాస్తదమ్మా.”

“నేను కూడా రాస్తాను.”

“అట్లనా,” అని కిటికీ వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండింది.

సరితక్క మా పెద్దబాపు కూతురు. ఆమె పుస్తకాలు అచ్చు మీద అచ్చు పడుతున్నాయి. నావి అటకెక్కాయి. కుళ్ళు కాదని బుకాయించను, కుళ్ళే.

చిన్నప్పుడు బాపు, పెద్దబాపు మమ్మల్ని పొద్దుటాటకు తీసుకుపోయేవారు. బాపుది బి షిఫ్టు. రెండింటికల్లా ఫ్యాక్టరీ గేటు లోపల ఉండాలని సినిమా మధ్యలోనే నన్ను సైకిలెక్కించేవాడు. పెద్దబాపుకు ఆ రోజు సెలవు. అక్క చివరిదాకా చూసి సాయంత్రం నాకు ముగింపు చెప్పేది. ఏనుగు సినిమాది ఇలా చెప్పింది: ఏనుగును సర్కస్‌వాళ్ళు తీసుకుపోతారు. దాన్ని పెంచిన పిల్ల సర్కస్‌కు వెళ్తే ఏనుగు గుర్తుపట్టదు. అయినా అందరికంటే గట్టిగా ఆ పిల్లే చప్పట్లు కొడుతుంది. ఎంత ఏడ్చానో! నా నవల చివర కూతురు గుర్తుపట్టని తల్లి చేత అలాగే చప్పట్లు కొట్టించాను.

పదకొండుకు ఆట మొదలైంది. ఇంటర్వెల్‌లో అక్క సమోసాలు కొనిపెట్టింది. చివరికొచ్చేసరికి ఏనుగు విలన్‌ను చెరువులోకి విసిరేసింది, పిల్లను వీపు మీద ఎక్కించుకుంది. అందరూ డాన్సు. శుభం.

“అక్కా, చప్పట్లేవి?”

“ఏం చప్పట్లే?”

చెప్పాను. కాసేపు ఆలోచించి పకపకా నవ్వింది. “అదా! నేనే కల్పించిన. నువ్వు నడుమల పోయినవ్ గదా. ఆఖరుకు మంచిగైందంటే కుళ్ళుకొని సస్తవని గట్ల జెప్పిన.”

అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల! నిలబడ్డచోట కల్పించి, మరిచిపోయింది కూడా. నేనేమో ఇన్నేళ్ళూ దాన్ని సినిమావాళ్ళ గొప్పతనం అనుకున్నాను.

బస్టాండులో అడగలేక అడిగాను. “నా నవల గట్లనే అయిపోతది. ఆ ముగింపు నాకియ్యవా?”

“తీస్కోవే. నా దగ్గర గసుంటియి మస్తున్నయ్.”

తిట్టినా బాగుండేది.

రెండున్నర బస్సుకు వెనక్కి బయల్దేరాను. రాసేవాళ్ళంతా చిన్ననాటి సినిమాలు తప్పక మళ్ళీ చూడాలి. మనం మోసుకు తిరుగుతున్నది నిజంగా వాటిలో ఎంతుందో, అసలు ఎవరిదో తెలుస్తుంది. తెలిసి సుఖం మాత్రం లేదు. చివరి పేజీ కొట్టేయాలని పెన్ను తీశాను, కొట్టలేకపోయాను. అంతకంటే మంచిది నాకు రాదు. ఇక మిగిలింది మొదటి పేజీలో అక్క పేరు రాయడం. పటాన్‌చెరు వచ్చేసింది, చేయి మాత్రం రావడం లేదు.