గేటు పెట్టెలో గోవిందుడు

తిరుపతిలో దేవుడి బొమ్మ లేకుండా కాగితం అచ్చు కాదు. పెళ్ళి పత్రికంటే సరే, అర్థముంది. ప్లాట్లు అమ్మేవాడు, బోరు వేసేవాడు, ఇంటికొచ్చి చెదలు చంపేవాడు, ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేసేవాడు, అందరూ పైన ఒక మూల స్వామివారిని నిలబెట్టి కింద తమ ఫోన్ నంబరు వేసుకుంటారు. ఊరందరికీ ఇది బాగానే ఉంది. బాగాలేనిదల్లా శఠగోపం గారికే.

శఠగోపం గారు దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయిన మనిషి. చేతికందిన ఏ కాగితాన్నయినా రెండు వైపులా చదవడం ఆ ఉద్యోగం అంటించిన అలవాటు. స్వామి బొమ్మ ఉన్న కాగితాన్ని పారేయలేకపోవడం మాత్రం పుట్టుకతో వచ్చింది. చెత్తబుట్టలో వేయలేరు, చించలేరు, కాల్చలేరు. పాత పేపర్లు కొనేవాడికి అమ్మేయవచ్చు గదా అంటే, ఒకసారి బస్టాండు దగ్గర మసాలా వడల పొట్లం విప్పితే లోపల నూనె ఓడుతూ స్వామివారే దర్శనమిచ్చారు. వడలు ఆయన తినలేదు. పొట్లం కాగితాన్ని మాత్రం సబ్బు పెట్టి కడిగి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చుకున్నారు.

గేటుకు ఒక రేకు పెట్టె ఉంది. ఉత్తరాల కోసం పెట్టించింది. ఉత్తరాలు రాసేవాళ్ళు ఎప్పుడో మానేశారు గానీ పెట్టె మాత్రం ఒక్క రోజూ ఖాళీగా లేదు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని, పెట్టె తెరిచి, అందులో ఉన్నవన్నీ కళ్ళకద్దుకుని వీధి గదిలోకి తీసుకుపోతారు. మొదట అవి మంచం కింద ఉండేవి. తరువాత మంచం మీదికి వచ్చాయి. ఆ తరువాత మంచమే కనబడలేదు.

ఆ వీధి గది అసలు ఆయన భార్య కుముదవల్లిది. ఆమె గొంతు బంగారం. పాశురాలు వాళ్ళవ్వ దగ్గర నేర్చుకుంది. ధనుర్మాసం వస్తే చాలు, తెల్లారకముందే వీధిలోని ఆడవాళ్ళంతా తలకు గుడ్డ చుట్టుకుని ఆ గదిలోకి వచ్చి కూర్చునేవారు. ఆమె ఒక పాదం పాడితే వీళ్ళు రెండుసార్లు పలికేవారు. కాగితాలు గది నింపేశాక ఆ పాఠం పక్కింటి అలివేలమ్మ మిద్దె మీదికి మారింది. మంచులో పాడి పాడి పోయినేడు కుముదవల్లి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. నెల రోజులు మిరియాల కషాయం తాగితే గానీ దారికి రాలేదు.

ఈ ఏడు కార్తీకం దాటగానే ఆమె అడిగింది.

"ఏమండీ, ఈసారన్నా ఆ గది ఇస్తారా?"

"గది ఖాళీ లేదు కుముదా."

"ఎవరుండారు లోపల?"

"స్వామివారుండారు."

"అవునవును. పక్కనే చెదల మందు కూడా ఉండాది," అంది కుముదవల్లి. "సరే, వినండి. ధనుర్మాసం వచ్చేలోపల గది ఖాళీ కాలేదంటే ఈ ఏడు పాఠం చెప్పను. ఈ ఏడే కాదు, ఇంకెప్పుడూ చెప్పను. ఈ గొంతు మిద్దెలెక్కి అరిచేదానికి లేదు."

ఆమె కోపంగా అని ఉంటే శఠగోపం గారు భయపడేవారు కాదు. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ నెమ్మదిగా అంది. పెళ్ళయిన మరునాటి నుంచి ఆ ఇల్లు ఆమె పాటతోనే నిద్ర లేస్తోంది. అది ఆగిపోతే ఇంట్లో తాను, కాగితాలు తప్ప ఏం మిగలదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అయింది ఆయన పని.

మొదట కత్తెర పట్టారు. స్వామివారిని జాగ్రత్తగా చుట్టూ కత్తిరించి ఉంచుకుని, మిగతా ప్లాట్లూ మొలలూ పారేయడం ఉపాయం. పని బాగానే సాగింది, కోడి బిరియానీ హోటలు కాగితం చేతికొచ్చేదాకా. అందులో స్వామివారి పాదాలకు ఆనుకునే పళ్ళెం, పళ్ళెంలో కోడి కాలు. ఆ కాలును బొటనవేలితో మూసిపెట్టి కత్తిరించబోతే కత్తెర జారి శంఖం తెగింది. శఠగోపం గారు లెంపలు వాయించుకుని ఆ పూట అన్నం మానేశారు. అంతలో కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. కత్తిరించిన స్వాములందరూ ఒక్కసారిగా లేచి ఇల్లంతా పరుచుకున్నారు. కాలు పెట్టే చోటల్లా దేవుడే. వంటింట్లో నుంచి హాల్లోకి రావడానికి కుముదవల్లి మునివేళ్ళ మీద గెంతుకుంటూ వచ్చింది. ఆయన కత్తెర తీసి దాచేశారు.

పారే నీళ్ళలో కలిపితే దోషం లేదని రెండు సంచులు ఆటోలో వేసుకుని స్వర్ణముఖి దాకా వెళ్ళారు. ఏట్లో పారడానికి నీళ్ళు లేవు. ఇసుకలో పిల్లకాయలు క్రికెట్టు ఆడుతున్నారు. వెళ్ళిన సంచులు వెళ్ళినట్టే తిరిగి వచ్చాయి.

అప్పుడు తట్టింది ఆయనకు అసలు సందేహం. పక్కిళ్ళకూ ఇవే కాగితాలు వస్తాయి గదా, వాళ్ళిళ్ళలో మంచాలు కనబడుతూనే ఉన్నాయే! మరునాడు తెల్లవారుజామునే దుప్పటి కప్పుకుని కనకాంబరం చెట్ల వెనక మాటు వేశారు.

ముందు మునిరత్నం వచ్చాడు. ఆ పేటలో కరపత్రాలు పంచేది అతనే. మోపెడ్ ఆపి, ఇంటికొకటి చొప్పున విసిరి, ఈ గేటు దగ్గరికి వచ్చేసరికి చేతిలో మిగిలిన కట్టంతా కళ్ళకద్దుకుని పెట్టెలో దోపాడు.

"ఏమప్పా మునిరత్నం, ఇదేం పని?" అంటూ దుప్పటి లేచి నిలబడింది.

మునిరత్నం అదిరిపడి, ఎవరో తెలుసుకుని తేలికపడ్డాడు. "నువ్వా సామీ! గుండె ఆగిపోయినంత పనైంది. మిగిలిపోయినాయి సామీ. యాడ పారేసేది సెప్పు? కాలవలో ఏస్తే కండ్లు పోవా? మీ ఇంట్లో అయితే ఆయప్పకు మర్యాద జరగతాదని ఏసినాను. నేనొక్కణ్ణేనా? ఈది ఈదంతా ఏస్తా ఉండాది, సూడు."

చూడక్కర్లేకుండానే అలివేలమ్మ వచ్చింది. మనుషులను చూసి ఠక్కున ఆగింది. "ఊరికే ఇట్ల పోతా ఉండాను సామీ," అంటుండగానే కొంగు కింద నుంచి పాత క్యాలెండర్లూ, మూడేళ్ళ పెళ్ళి పత్రికలూ జలజలా రాలాయి. శఠగోపం గారు అలవాటు కొద్దీ వంగి ఏరి కళ్ళకద్దుకున్నారు. అలివేలమ్మ కూడా ఆయనతో పాటు భక్తిగా దండం పెట్టి, నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయింది. పాపం వాళ్ళు పాపానికి వెరిచినవాళ్ళే. ఆ పాపాన్ని పెట్టుకోవడానికి ఒక రేకు పెట్టె దొరికింది, అంతే.

మర్యాదస్తుడికి వీధిలో పోట్లాట చేతకాదు, రాత చేతనవును. ఆ మధ్యాహ్నమే రాజారత్నం ప్రెస్సుకు పోయి ఒక విన్నపం అచ్చు వేయమన్నారు. 'మహాజనులకు నమస్కారం. మా గేటు పెట్టెలో ఏ కాగితమూ వేయవద్దని ప్రార్థన. ఎవరింటి కాగితాలు వారే చూసుకోగలరు. ఇట్లు, శఠగోపం.'

"బొమ్మ మాత్రం వద్దు రాజారత్నం."

"బొమ్మ లేకుంటే ఎవురు సామీ సదివేది?"

"వద్దంటే వద్దు."

మచ్చుకాగితం తెప్పించుకుని రెండు వైపులా చదివి, రెండో వైపు తెల్లగా ఉందని నిర్ధారించుకుని సంతకం పెట్టారు. కట్టలు ప్రెస్సు నుంచే మునిరత్నం తీసుకుపోయి సాయంత్రానికి పేటంతా పంచేశాడు. ఆ రాత్రి ఆయన చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయారు.

పొద్దున గేటు దగ్గరికి వస్తే పెట్టె మూత పైకి లేచి ఉంది. గేటు కమ్మీల సందుల్లో కాగితాలు. గేటు కింద కాగితాలు, పైన రాయి పెట్టి మరీ. ఒకటి తీసి చూశారు. పైన రంగుల్లో, నిండుగా, ఆభరణాలతో స్వామివారు. ఆ పాదాల కింద 'మహాజనులకు నమస్కారం'. ఆ కింద తన పేరు. పంచినవన్నీ ఒక్కటి పోకుండా ఇల్లు చేరాయి.

ఫోన్ చేస్తే రాజారత్నం నొచ్చుకున్నాడు. "అయివోరి పేరు మీద ఉత్త కాగితం అచ్చెయ్యాలంటే నాకు సేతులు రాలేదు సామీ. బొమ్మకు దుడ్లు తీసుకోలేదులే."

కుముదవల్లి బయటికొచ్చి కాగితం చదివింది. గేటు చూసింది. మొగుడి మొహం చూసింది. నవ్వు మొదలైతే ఆగలేదు. గేటు పట్టుకుని నవ్వింది, మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. చివరికి నవ్వు పోయి కన్నీళ్ళే మిగిలాయి.

"ఆ స్వామి బొమ్మకు ఇంత మర్యాద చేస్తిరి. ఆ స్వామి పాటకు మాత్రం పక్కింటి మిద్దె చూపించినారు," అంది.

శఠగోపం గారికి ఆ మాట గుండెల్లో తగిలింది. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ దేవుణ్ణి కాపాడుతున్నాననుకున్నారు. దేవుడికి రోజూ వినబడే గొంతును మంచులోకి తోసింది తానేనని ఇప్పుడు తెలిసింది. ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"నువ్వే చెప్పు కుముదా. ఏం చేయమంటావు?"

ఈ కాగితాల సంగతిలో ఆమెను ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆమె దగ్గర జవాబు ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది.

"చవితికి కాణిపాకం నుంచి తెచ్చిన మట్టి వినాయకుణ్ణి యాడ కలిపినాము?"

"బకెట్లో."

"ఆయన బకెట్లో ఇమిడితే, ఈయన మన పెరట్లో తొట్లో ఇమడడా?"

"శాస్త్రం..."

"శాస్త్రం నీళ్ళని చెప్పింది. ఏటి నీళ్ళే కావాలని చెప్పిందా?"

సూపరింటెండెంటుగా ఎన్నో ఫైళ్ళు వెనక్కి తిప్పి పంపిన శఠగోపం గారు ఈ ఫైలులో లోపం వెతికారు. దొరకలేదు.

పెరటి తొట్టిలో నీళ్ళు నింపి, పసుపూ తులసీ వేసి, హారతి ఇచ్చి, కట్ట తరువాత కట్టగా స్వాములను దించారు. మామూలు కాగితాలు బుద్ధిగా కరిగాయి. నున్నటివి మొరాయించాయి. కోడి బిరియానీ కాగితమైతే ఎంత అదిమినా కాలు పైకే పెట్టుకుని తేలింది. దానికి వేరే మజ్జనం చేయించాల్సి వచ్చింది. గుజ్జంతా కుముదవల్లి మెంతిపిండితో కలిపి రుబ్బి, వాళ్ళవ్వ చేసినట్టు పాత గంపలకు అలికి ఎండబెట్టింది. మిగిలింది కనకాంబరాల మొదట్లో పోసింది. గదిలో మంచం బయటపడింది. దాని కింద ఎప్పుడో పోయిందనుకున్న ఆయన కళ్ళజోడు కూడా.

ధనుర్మాసం మొదటి రోజు. వీధి గదిలో దీపం, ఆడవాళ్ళు వరసగా, వంటింట్లోంచి పొంగలి నేతి వాసన. కుముదవల్లి కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటి పాదం ఎత్తుకుంది. శఠగోపం గారు వాకిట్లో కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని వింటున్నారు.

గేటు కిర్రుమంది. అలివేలమ్మ, ఆలస్యంగా, శాలువా కింద బరువైన సంచితో.

"సామీ," అంది గుసగుసగా, "మీ ఇంట్లో తొట్టి పెట్టినారంట గదా. ఇవి కూడా ఒక్క రవ్వ..."

ఆయన చేతులు అలవాటుగా ముందుకు సాగాయి. సంచి అందుకున్నాయి కూడా. లోపల పాశురం రెండో పాదానికి వచ్చింది. గొంతు బొంగురు లేదు, తడబాటు లేదు, వేడి గదిలో నిండుగా లేచింది. శఠగోపం గారు సంచి తిరిగి అలివేలమ్మ చేతిలో పెట్టేశారు.

"గది ఖాళీ లేదమ్మా. పాఠం జరగతా ఉండాది," అన్నారు. "మీ ఇంట్లో బకెట్టు ఉండాది గదా?"