కుప్ప మీద నా తట్ట

మా ఆయన ఐపీ పెట్టాడని ఊళ్ళో తెలిసిన రోజు తలుపు గడియ వేసుకుని కూర్చున్నాం. ఎవరైనా గొడవకు వస్తారని భయం. శ్రీకాకుళం ప్లీడరు ముందే చెప్పాడు, కోర్టులో దివాలా కాయితం పడ్డాక బాకీ అడగడానికి ఎవరూ గుమ్మం తొక్కకూడదని. నిజమే, ఎవరూ రాలేదు. చేపలూ రాలేదు.

మాది ఎండు చేపల వ్యాపారం. కళింగపట్నం ఒడ్డున బోట్ల దగ్గర అరువుకు తీసుకుని, ఉప్పేసి, ఎండబెట్టి విజయనగరం పంపేవాళ్ళం. తుపానుకు షెడ్డు కూలి సరుకంతా నాని పురుగు పట్టింది. ఐపీ పెట్టాక ఆయన ఎక్కువ కాలం బతకలేదు. గుండె అన్నారు.

తర్వాత నేను కూలికి వెళ్ళాను. అంతకు ముందు నా దగ్గర కూలి చేసినామె దగ్గరికే. ఆమె కొన్న చేపలను నేను కోసి, ఉప్పేసి, ఇసుకలో ఆరబెట్టాలి. పని నాకు కొత్త కాదు, కూలే కొత్త. చేపకు ధర పెరిగినా నా కూలి పెరగదు. మబ్బు పట్టిందంటే ఆ రోజు పని లేదు, కూలీ లేదు. పొద్దున్నే లేచి ముందు ఆకాశం చూసేదాన్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

మా ఒడ్డున చేపల వేలం పాట ఎవరి మీద పడితే ఆ ఆడమనిషి తన తట్టను ఆ చేపల కుప్ప మీద బోర్లిస్తుంది. ఆ తట్టను ఇంకొకరు ముట్టరు. చేపలు అమ్ముకున్నాక డబ్బు ఇస్తుంది. నేను పాట పెంచితే మాత్రం పాటగాడు వినపడనట్టు పక్కకు తిరిగేవాడు. ఇంక అరువు దొరకదని అర్థమై, కూలిలోంచి కొంచెం కొంచెం తీసి బియ్యం డబ్బాలో దాచాను. రెండు పూటలు తినాల్సిన చోట ఒక పూట తిన్నాను.

ఒక రోజు వలల్లో కవళ్ళ చేపలు బాగా పడ్డాయి, ధర దిగింది. దాచిందంతా కొంగున కట్టుకుని వెళ్ళాను.

"సేతిలో డబ్బుంటేనే పాడు వదినా," అన్నాడు పాటగాడు.

"సేతిలోనే ఉన్నాది, సూడు," అని కొంగు విప్పాను.

పాట నా మీద పడింది. తట్ట బోర్లించాను. ఆ చేపలు తెచ్చిన బోటు యజమాని ముసలాయన, నాకు మావ వరస. మా ఆయన ఎక్కువ బాకీ పడింది ఆయనకే. నా చేతిలో డబ్బు తీసుకుని నడుములో దోపుకున్నాడు.

"ఇది పాతదాని కింద. తట్ట తీసుకోయే."

"ఆ బాకీ కోర్టులో ఉన్నాది గదా మావా."

"అలగయితే కోర్టుకెల్లి సేపలడుగు."

అందరూ నవ్వారు. ఆ డబ్బు పోతే మళ్ళీ కత్తిపీట ముందే కూర్చోవాలి, ఎన్నాళ్ళో తెలియదు. నేను తట్ట తియ్యలేదు. ఆయన ముట్టలేదు. ఎండ ఎక్కుతోంది. కవళ్ళకు కళ్ళు ఎర్రబడితే, పొట్ట మెత్తబడితే ఇంక దేనికీ పనికిరావు. కాకులు దగ్గరికి వస్తున్నాయి.

పాటకొచ్చిన ఆడవాళ్ళలోంచి నాకు కూలిచ్చే ఆమె అంది: "దాని తట్ట తీసేత్తావేటి మావా? ఇయ్యాల దానిది తీత్తే రేపు మావి తీత్తావు."

"ఉత్తినే ఇచ్చీమంతావేటి?"

"ఉత్తినెక్కడ? డబ్బు నీ నడుములో ఉన్నాది గదా."

మావ నా వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "నా బోటింజను బాగుసేయించుకుందామనుకున్న బాకీ సొమ్మది. నీ మొగుడు పోనాడు. నానెవుల్నడగాలే?"

కోర్టు చెప్పింది ఒకటి, ఆయన ముఖంలో కనబడింది ఇంకొకటి.

"సగం పాతదానికి పట్టుకో మావా. సగానికి సేపలియ్యి," అన్నాను.

మావ కాలి బొటనవేలితో కుప్ప మధ్యన గీత గీశాడు.

ఆ సగమే ఎండబెట్టి అమ్మాను. కష్టమంతా నాదే, వచ్చింది కూలి కన్నా కొద్దిగా ఎక్కువ. అయినా అవి నా చేపలు, నా ఉప్పు.

డబ్బు చేతికి రాగానే మళ్ళీ ఒడ్డుకు వెళ్ళాను. మావ బోటు పక్కన ఇంకో ఇద్దరు బోట్లవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళకూ మేం బాకీయే.

"మావకి సగం ఇచ్చినావంట," అన్నాడు ఒకడు. "మరి మాకో?"

వెనకాల పాట మొదలైంది. కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుని, తట్ట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను.