మెట్ట మీది సత్రంలో దిగిన పెళ్ళివారు

"సత్రంలో పడుకోవడానికి ఎదురు డబ్బులివ్వడమేంటే?" అన్నాను నేను.

"అది సత్రం కాదు నానమ్మా. ఇప్పుడు దాన్ని హెరిటేజ్ స్టే అంటారు," అంది శిరీష.

"పేరు మారిస్తే గోడలు మారతాయా? మా అమ్మ చిన్నప్పుడు అక్కడ అన్నం పెట్టి, చాప వేసి, పొద్దున చల్దన్నం కూడా పెట్టి పంపేవాళ్ళట. పైసా ముట్టుకునేవాళ్ళు కాదు."

"ఇప్పుడు ఏసీ పెట్టారుగా."

"మాఘమాసంలో ఏసీ ఎవడిక్కావాలి?"

"అయితే వెయ్యకు. ఒక్క రాత్రి ఉండి చూడు. నచ్చకపోతే నచ్చలేదని నువ్వే చెప్పు. ఇంక నేను మాటెత్తను."

"చూడకుండానే చెప్తున్నాను. ఇంటి ముందు పందిరి వేస్తే చాలు. మీ నాన్న పెళ్ళి అలాగే అయింది."

"ఇది నా పెళ్ళి కదా నానమ్మా."

అందుకే బయల్దేరాను.

ఇక్కడి నుంచి చెప్పేదంతా నాకు జరిగింది. అబద్ధం అల్లాలంటే ఓపిక కావాలి, జ్ఞాపకం కావాలి. నాకు రెండూ తక్కువే. చెవులతో విన్నది విన్నట్టు చెప్తున్నాను... నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

మాది తిరువూరు. శిరీష నా కొడుకు కూతురు. ఇక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. గంపలగూడెం అబ్బాయితో పెళ్ళి కుదిరింది. పెళ్ళి మాత్రం వినగడప పోయే దారిలో, మెట్ట మీదున్న పాత సత్రంలో చేసుకోవాలని దాని కోరిక. నా కొడుకుని అడిగితే "అమ్మ ఊ అంటే నాకేం" అని తప్పుకున్నాడు. మా ఇంట్లో ఖర్చు దగ్గర చివరి మాట నాది. మేము ఒక రాత్రి అక్కడుండి చూశాక, మర్నాడు పొద్దున మగపెళ్ళివారి తరఫున అబ్బాయి నానమ్మ రాజ్యలక్ష్మమ్మగారు ఆ చోటు చూడ్డానికి వస్తానన్నారు. ఆవిడని నేను అప్పటికి చూడలేదు. నిశ్చితార్థానికి మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆవిడ ముందు ఔనో కాదో తేల్చి చెప్పాల్సింది నేను.

షేర్ ఆటో మా ఇద్దర్నీ రోడ్డు మీదే దించేసింది. అక్కడి నుంచి నడక. రెండు పక్కలా పత్తి ఏరేసిన చేలు, ఆ తర్వాత మామిడి తోటలు. పూత వాసన ముక్కు నిండా కొడుతోంది. మెట్ట ఎక్కాక ఒక్క ఇల్లు లేదు. ఆ సత్రం ఒక్కటే... మట్టిరంగు గోడలు, పొడుగాటి అరుగు, ఇత్తడి బొడిపెల తలుపు. గుమ్మం ముందు కాళ్ళు కడుక్కునే రాయి. అరిగి అరిగి గిన్నెలా గుంట పడింది.

కాపలా చూసేది ఏసోబు. మంచివాడు. చుట్టూ తిప్పి చూపించాడు.

"అప్పట్లో బళ్ళ మీద పోయే పెళ్ళివాళ్ళు రాత్రికి ఇక్కడ దిగేవాళ్ళంటండి అమ్మగారూ. తెల్లారాక తయారై ముహూర్తానికి పోయేవాళ్ళంట."

"కరెంటు ఛార్జీ ఇందులోనే కలుస్తుందా?" అని అడిగాను.

"లేదండి. మీటరు విడిగా ఉంది."

ఇంకేముంది. ఏసోబు ప్రహరీ గేటుకి తాళం వేసి వాళ్ళ ఊరికి పోగానే లైట్లన్నీ ఆపేశాను. అరుగు మీదది, మండువాలోది, గదిలోది కూడా. శిరీష తల కొట్టుకుంది.

"నానమ్మా, ఇది భూత్ బంగ్లాలా ఉంది."

"నిద్రపోతే కళ్ళు మూసుకుంటావుగా. లైటు ఎవరి కోసం?"

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. కొంత మిగిలింది. డబ్బాలోనే మూత పెట్టాను. శిరీష చెవుల్లో అవేవో పెట్టుకుని కాబోయే మొగుడితో గుసగుసలాడుతూ నిద్రపోయింది.

నాకు కొత్త చోట నిద్ర రాదు. చాప మీద దొర్లుతున్నాను. బయట కీచురాళ్ళు. గాలికి మామిడాకుల గలగల. అంతే.

ఎంతసేపయిందో తెలీదు...

గంటలు.

దూరంగా... చిన్నగా. మేకలనుకున్నాను. కాదు. మేకల గంటలు ఆగి ఆగి మోగుతాయి. ఇవి ఒక వరసలో వస్తున్నాయి. ఎద్దుల మెడ గంటలు. వెనకే చక్రాలు కంకర మీద నలుగుతున్న చప్పుడు. ట్రాక్టరేమో అనుకుంటే ఇంజను మోత లేదు.

దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి...

గుమ్మం ముందు ఆగింది.

తర్వాత మనుషులు. ఒకళ్ళా ఇద్దరా... గుంపు. గాజుల చప్పుడు. పట్టీల చప్పుడు. ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే ఎలా ఉంటుందో, అలా నవ్వులు. తలుపు సందుల్లోంచి మల్లెపూల వాసన. మాఘమాసంలో మల్లెలెక్కడివా అని ఒక్క క్షణం అనిపించింది. పట్టించుకోలేదు.

గొళ్ళెం మూడుసార్లు మోగింది.

"అమ్మా... పెళ్ళివాళ్ళమండి," అంది ఒక పెద్దావిడ గొంతు.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున వస్తామని చెప్పి అర్ధరాత్రి దిగుతారా? అదీ ఊరంతటినీ వెంటేసుకుని. పైగా సరదాకి బండి కట్టించుకుని వచ్చారు. ఎంత డబ్బు దండగ. అయినా ఏం చేస్తాం. మగపెళ్ళివారు. గుమ్మంలో నిలబెడితే రేపు మాట పడేది నా మనవరాలు. దాన్ని లేపుదామనుకున్నాను. రేగిన జుట్టుతో అత్తారి ముందుకొస్తే బాగుండదని ఊరుకున్నాను.

తలుపు తీశాను.

అమావాస్య దగ్గర పడుతోంది. చుక్కల వెలుగు తప్ప ఏమీ లేదు. అరుగు కింద నల్లగా మనుషుల ఆకారాలు. మొహాలు తెలీలేదు. నా చెయ్యి గోడ మీద స్విచ్చి దాకా వెళ్ళింది... మీటరు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఫోనులో టార్చి ఉంది. వేస్తే ఛార్జింగు తగ్గుతుంది.

"రండి వదినగారూ," అన్నాను. "మోకాళ్ళ నొప్పులన్నారు, ఈ వేళప్పుడు ప్రయాణమేంటండీ?"

"పెళ్ళంటే నొప్పులుంటాయా?" అంది ఆవిడ. వెనకాల అందరూ నవ్వారు.

చెంబు తీసుకుని రాతి దగ్గర నించున్నాను. ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. పట్టీలు గలగలమంటున్నాయి. నీళ్ళు పోస్తున్నాను.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి...

కాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఒక చప్పుడుంటుంది. పాదం మీద పడి, చీలి, మెత్తగా కిందికి జారుతుంది. పిల్లల కాళ్ళు ఎన్నిసార్లు కడిగాను, నాకు తెలీదా. ఆ రాత్రి ఆ చప్పుడు రాలేదు. నీళ్ళు తిన్నగా రాతి మీద పడుతున్నాయి. టప... టప... టప. ఎదురుగా మనిషి ఉంది. గాజులు కదులుతున్నాయి. నీళ్ళు మాత్రం... రాతి మీదే.

"సరిగ్గా కాళ్ళు పెట్టండమ్మా, నీళ్ళు వృథా పోతున్నాయి," అని కసురుకున్నాను.

ఒక పిల్ల కిసుక్కున నవ్వింది.

"దీపం లేదా అమ్మా?" అంది పెద్దావిడ.

"కాసేపట్లో పడుకునేదేగా. ఇప్పుడు దీపమెందుకు?"

"మా అత్తా ఇంతే. చమురు దండగని దీపం పెట్టనిచ్చేది కాదు. పెళ్ళయిన ఏడాదికి గానీ మా ఆయన మొహం సరిగ్గా చూడలేదు నేను."

నేనూ నవ్వేశాను. చాలా రోజులైంది అంతలా నవ్వి. ఖర్చు తెలిసిన మనిషి దొరికిందని ప్రాణం లేచొచ్చింది.

"పులిహోర కొంచెం ఉంది. తలో ముద్ద వస్తుందేమో. ఎక్కువ ఆశపడకండి," అని విస్తరాకొకటి అరుగు మీద పరిచి డబ్బా అంతా దాని మీద వంచాను. అందరూ చుట్టూ కూర్చున్న అలికిడి. కొత్త చీరల గరగర.

"పెళ్ళెక్కడ చేస్తున్నారు?" అంది ఆవిడ.

"మా ఇంటి ముందు పందిరేసి."

గాజులు ఆగిపోయాయి. పట్టీలు ఆగిపోయాయి. కీచురాళ్ళు కూడా... ఒక్కసారిగా. నా ఊపిరి నాకే వినిపించింది.

"అక్కడికైతే మేము రాలేం అమ్మా," అంది ఆవిడ మెల్లగా. "ఇక్కడైతే వస్తాం. అందరం వస్తాం."

మగపెళ్ళివారు రాకపోతే పెళ్ళేంటి? లోపల పిల్ల నిద్రపోతోంది. దాని ఆశంతా ఈ పెళ్ళి మీదే. నేను ఎవరికీ ఊరికే మాటివ్వను. కూరగాయల బండివాడికైనా రెండుసార్లు ఆలోచించి చెప్తాను. అలాంటిదాన్ని... ఆ చీకట్లో, మొహం కూడా కనపడని మనిషికి చెప్పేశాను.

"సరే వదినగారూ. ఇక్కడే. మాటిస్తున్నాను."

అంతే. నవ్వులు. గాజులు. ఎవరో ఆడపిల్ల పెళ్ళిపాట కూనిరాగం తీసింది. చాపలన్నీ అరుగు మీద పడేసి, "సర్దుకుని పడుకోండి, నీళ్ళు కుండలో ఉన్నాయి" అని చెప్పి లోపలికొచ్చాను. ఆ గుసగుసలు వింటూ, కొత్త చోట నిద్ర రాని నేను, చంటిపిల్లలా నిద్రపోయాను.

తెల్లారింది.

అరుగు మీద ఎవరూ లేరు. చేలవైపు వెళ్ళారేమో అనుకున్నాను. ఏసోబు పాలచెంబుతో వచ్చి గేటు తాళం తీస్తున్నాడు. తాళం అలాగే ఉంటే రాత్రి బండి లోపలికెలా వచ్చింది?

"ఏసోబూ, రాత్రి తాళం ఎవరికిచ్చావు?"

"ఎవరికిస్తానండి? నా మొలతాడుకే ఉంది."

చాపలు నేను పడేసినచోటే, చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. రాతి గుంటలో నీళ్ళున్నాయి. గేటు బయట బండి జాడ లేదు. దుమ్ములో మా ఇద్దరి చెప్పుల గుర్తులు, ఏసోబువి... అంతే. విస్తరాకు ఖాళీగా ఉంది. ఒక్క మెతుకు లేదు. కుక్క తినుంటే ఆకు చిరుగుతుంది, ఈడ్చేస్తుంది. ఇది నీటుగా, తృప్తిగా తిన్నవాళ్ళు మడిచినట్టు తమ వైపుకి మడిచి ఉంది.

"నువ్వు తిన్నావా?" అని శిరీషని అడిగాను.

"అర్ధరాత్రి పులిహోరా? బ్రైడల్ బ్లౌజు కొలతలిచ్చేశాను నానమ్మా."

కల అంటారా? కలైతే పులిహోర ఏమైంది? కోతులంటారా? కోతులు ఆకు మడుస్తాయా? గోడ దూకి వచ్చిన మనుషులంటారా? పట్టీలు కట్టుకుని, ఎద్దులబండితో? ఇప్పటికీ నాకు అర్థం కాదు. లైటు వేసుంటే తెలిసేదని శిరీష అంటుంది. వేసుంటే పులిహోర పెట్టేదాన్నా, పరిగెత్తేదాన్నా... అదీ తెలీదు.

ఎండెక్కాక కారొచ్చింది. ఇద్దరు పట్టుకుంటే రాజ్యలక్ష్మమ్మగారు దిగారు. గొంతు బొంగురు. రాత్రి విన్న గొంతు కానే కాదు. ఆవిడ సత్రం చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు.

"వదినగారూ, పిల్లలకేం, ఏవేవో అంటారు. నాకైతే మీ ఇంటి ముందు పందిరే బాగుంటుందనిపిస్తోంది. ఖర్చు కలిసొస్తుంది. మీరేమంటారు?"

నేను కావాలనుకున్నది సరిగ్గా అదే. ఆ మాట చెవిన పడి శిరీష మొహం వాడిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నా వైపే చూస్తోంది.

"లేదండి. ఇక్కడే చేద్దాం," అన్నాను. "మాటిచ్చేశాను."

"ఎవరికి?" అన్నారావిడ.

నేను అరుగు వైపు చూశాను. రాతి గుంటలో నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. గాలి లేదు. ఎక్కడో ఒక్క గాజు చప్పుడు... శిరీషదేనేమో. అది అప్పటికే వచ్చి నా మెడకి చుట్టుకుంది.

"నానమ్మా, నిజంగానా?"

"వదలవే, ఊపిరాడట్లేదు," అన్నాను.

తర్వాత ఏసోబుని పిలిచాను. పెళ్ళి రాత్రి లోపల ఎన్ని లైట్లైనా వేసుకోమన్నాను. అరుగు మీద మాత్రం ఒక్కటి కూడా వేయొద్దని, అక్కడ ఒక బంతి విస్తర్లు వేరేగా వేయించమని చెప్పాను.

"ఎవరికండి అమ్మగారూ?" అన్నాడు.

"వేయించమన్నానుగా. పులిహోర కొంచెం ఎక్కువ పెట్టించు," అన్నాను.