ఒళ్లు వంచని మనిషి

మా నాన్న ఒళ్లు వంచడని కొత్తగూడలో ఒక పార్కు మొత్తం నమ్మింది. నమ్మించింది నేనే. రెండు నెలల పాటు, రోజూ పొద్దున, ఎంతో శ్రద్ధగా నమ్మించాను. ఆఫీసు పని ఆ శ్రద్ధతో చేసి ఉంటే ఈపాటికి నా కింద నలుగురు పనిచేస్తూ ఉండేవాళ్లు.

నాన్న ముప్ఫై ఏళ్లు డ్రైవరు. మొదట లారీ, తర్వాత మాదాపూర్‌లో ఒక కంపెనీ స్టాఫ్ బస్సు. ఎవరి చేతిలోనైనా బరువైన బ్యాగు కనిపిస్తే సీటు దిగివచ్చి తనే ఎక్కించేవాడు. తన టిఫిన్ డబ్బా మాత్రం ఇంకొకరిని పట్టుకోనిచ్చేవాడు కాదు. బోరబండలో మేం కిరాయికున్న ఇల్లు రెండో అంతస్తు. గ్యాస్ బండ పైకి ఎక్కడమంటే నాన్న భుజం మీద ఎక్కడమే. నాకు ఉద్యోగం వచ్చి కొత్తగూడ అపార్టుమెంటుకు మారిన రోజున సామాన్ల మనుషులు వచ్చినా, బీరువాకు ఒక మూల ఆయనే పట్టాడు. నేను ఫోటో తీశాను. ఆ రోజు నా వాటా కష్టం అది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నడుం నొప్పి మొదలైంది. డ్రైవర్ నడుం కదా, నొప్పి లేకపోతేనే ఆశ్చర్యం అనుకున్నాం. మాత్రలు, పట్టీలు, వేడి కాపడాలు అయ్యాక రక్త పరీక్షలు, స్కానింగులు వచ్చాయి. చివరికి డాక్టరు మల్టిపుల్ మైలోమా అన్నాడు. ఎముకల మూలుగలో పుట్టే క్యాన్సర్. ఎముకను లోపల్నుంచి బోలు చేస్తుంది. "పైకి రంగు బాగానే ఉంటుంది. లోపల చెదపట్టిన దర్వాజా అనుకోండి" అన్నాడాయన.

గది బయటికి వచ్చాక నేను, "మూలుగలో జబ్బు వచ్చినా నాన్న మూలగలేదు చూడమ్మా" అన్నాను. అమ్మ నా వంక చూసిన చూపుకు ఇంకా మందు కనిపెట్టలేదు.

అయిదారు నెలల చికిత్సకు జబ్బు అదుపులోకి వచ్చింది. నొప్పి తగ్గింది. అప్పుడు డాక్టరు ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడి ఫిజియోకు నా వయసే ఉంటుంది. పడుకునే ఉంటే ఎముకలు ఇంకా బోలవుతాయని, కండ కరుగుతుందని, కాబట్టి కదలక తప్పదని చెప్పింది. ఎలా కదలాలో చూపించింది.

"నడుం వంచొద్దు అంకుల్. తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర వంగండి. వీపు పలక లెక్క ఉండాలి. కింద పడింది ఏరుకోవద్దు, ఎవరినన్నా అడగండి. పక్కకు చూడాలంటే నడుం మెలిపెట్టొద్దు, పాదాలతో సహా తిరగాలి."

"అంటే బస్సు మలిపినట్టు" అన్నాడు నాన్న. "ముందు సగమొక్కటే మలుగదు గద మేడం."

"అంతే. మీకు రెండు కిలోల మించి బరువు వద్దు. రోజూ చదునుగా ఉన్న చోట నడవండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడను నెట్టడం. కొత్త నొప్పి వస్తే ఆపి, ఆ రోజే ఫోన్ చెయ్యండి. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా ఫోన్ గీన్ లేదు, సీదా దవాఖానకు రావాలి."

నాన్న ఇంటికొచ్చి కుర్చీని గోడకు ఆనించి పెట్టాడు. పది సార్లు లేచి కూర్చున్నాడు. ఇదీ ఒక పనేనా అన్నట్టు మొహం పెట్టాడు కానీ, పదో సారికి నుదుటి మీద చెమట పట్టింది.

నడకకు మా అపార్టుమెంటు దగ్గరి పార్కు ఎంచుకున్నాం. బాట చదునుగా ఉంటుంది. అక్కడ పొద్దున ఒక జట్టు వ్యాయామం చేస్తుంది. పన్నెండు మంది దాకా ఉంటారు. వాళ్లకు పెద్ద దిక్కు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. మొదటి రోజే ఆయన నాన్నను పిలిచాడు.

"రండి రండి, ముందుకి వంగి కాలి వేళ్లు పట్టుకోవడంతో మొదలెడదాం. చాలా తేలికండీ."

నాన్న, "నేను నడుస్త సార్" అని తప్పుకున్నాడు. ఇంటికి వస్తూ దారిలో నాతో అన్నాడు.

"క్యాన్సర్ అని చెప్పకురా ఆళ్లకు. చెప్పినంక నాతోని మాట్లాడరు, జబ్బుతోని మాట్లాడుతరు."

"మరి ఏం చెప్పాలె? రోజూ అడుగుతరు."

"ఏదన్న చెప్పు. నీకు నోరున్నది గద."

నడుం నొప్పి అని చెబితే సరిపోయేది. అది నిజం కూడా. కానీ నడుం నొప్పిలో నవ్వు లేదు. మర్నాడు మేనేజరు గారు, "ఏవయ్యా, మీ నాన్నగారు ఒక్క ఆసనమూ వెయ్యరేం?" అని అడగ్గానే నేను, "మా నాన్న ఒళ్లు వంచరండి. పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా ఇంకా కొత్తల్లుడి హోదాలోనే ఉన్నారు" అన్నాను.

పన్నెండు మందీ నవ్వారు. పొద్దున ఆరున్నరకు, కాఫీ పడని కడుపులతో పన్నెండు మంది నవ్వడమంటే మాటలు కాదు. నాకు ఆఫీసులో సంవత్సరమంతా అంత గుర్తింపు దొరకదు. నా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం, అంటే ఇతరుల తప్పులు వెతికి జాబితా రాయడం. అలాంటివాడి మాటకు ఎవరూ నవ్వరు.

ఆ రోజు నుంచి నాన్న పేరు అల్లుడుగారు. అల్లుడుగారికి కుర్చీ వెయ్యండి. అల్లుడుగారి చెప్పు జారింది, ఎవరైనా అందించండి. నాన్న నవ్వేవాడు. రోజుకో కొత్త మాట నేను అందించేవాణ్ణి. అనుకున్న పని నెరవేరింది, ఆయన ఎందుకు వంగడో మళ్లీ ఎవరూ అడగలేదు.

ఒకసారి గేటు దగ్గర ఆయన ఆగి, "సోమరోడని నిజంగనే అనుకుంటున్నరా రా ఆళ్లు?" అన్నాడు.

"సరదాకు నాన్నా."

"ఊ" అన్నాడు. మర్నాటి నుంచి రెండు రౌండ్లు ఎక్కువ నడవడం మొదలుపెట్టాడు. నేను దాన్ని హుషారు అనుకున్నాను. ముప్ఫై ఏళ్లలో ఒక్క రోజూ ఊరికే కూర్చోని మనిషిని నేను కూర్చోబెట్టి, పన్నెండు మందికి చూపించి, టికెట్టు లేకుండా ఆట ఆడిస్తున్నానని నాకు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా కొంచెం అబద్ధమే. తట్టింది. ఆపాలనిపించలేదు.

ఆదివారాలు వ్యాయామం అయ్యాక జట్టంతా కలిసి టిఫిన్ తింటారు. నీళ్లబ్బాయి ఇరవై లీటర్ల క్యాన్ తెచ్చి గేటు పక్కన నేల మీద పెట్టి పోతాడు. దాన్ని ఎవరో ఒకరు సిమెంటు గట్టు మీదికి ఎత్తాలి. ఆ ఆదివారం మేనేజరు గారు ఇడ్లీ పొట్లాలు విప్పుతూ కేకేశారు.

"అల్లుడుగారూ, క్యాన్ మీ పక్కనే ఉంది. ఇవాళైనా ఎత్తుతారా, మేం పల్లకీ తెప్పించాలా?"

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. వెంటనే, "పల్లకీతో కాదండి, ఆయన అలక పాన్పు మీదున్నారు. బతిమాలాలి" అన్నాను.

నవ్వులు మొదలయ్యాయి. నాన్న క్యాన్ దగ్గరికి నడవడం చూశాను. చెయ్యి వెయ్యడం చూశాను. రెండు కిలోలన్న మాట నా చెవిలోనే ఉంది. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. కానీ నవ్వు ఇంకా పైకి లేస్తోంది. అది పూర్తయ్యే దాకా ఆగాను. క్షణం, మహా అయితే రెండు క్షణాలు. ఈలోగా ఆయన నడుం వంచి, ఇరవై లీటర్ల నీళ్లను ఒక్క ఊపున గట్టు మీద పెట్టేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

నాన్న గట్టు అంచున కూర్చుని ఒక ఇడ్లీ తిన్నాడు. "బానే ఉన్నవా?" అని మెల్లగా అడిగాను. "ఏం గాలే" అన్నాడు. ఆ జవాబు నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నమ్మాను.

మూడో రోజు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన అంగి తొడుక్కోలేకపోతున్నడు. రెండు దినాల సంది కుర్చీలనే పంటున్నడు. నొప్పని నాతోని అనలే. జల్ది రా."

స్కానింగులో నడుం దగ్గర ఒక వెన్నుపూస కుంగిందని తేలింది. కాళ్లలో బలం ఉంది, అదొక్కటే అదృష్టం అన్నాడు డాక్టరు. ఎలా అయిందని అడిగాడు.

"దగ్గు వచ్చింది సార్. గట్టిగ దగ్గిన" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

నేను పక్కనే ఉన్నాను. నోరున్న మనిషిని.

డాక్టరు రాసుకున్నాడు. "దగ్గుకే పూస కుంగిందంటే జబ్బు మళ్లీ లేచిందేమో చూడాలి. మందు మార్చాల్సి రావచ్చు. అప్పటిదాకా నడక, వ్యాయామం అన్నీ బంద్. మంచం మీదే ఉండండి."

"మంచిది సార్" అన్నాడు నాన్న. అరవై ఏళ్ల మనిషి, కొడుకు పరువు కోసం తన నడకను అంత చవగ్గా ఇచ్చేశాడు.

నాన్న ఇంకా లోపలే ఉండగా, బయట బెంచీ మీద అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మందు పని చేస్తలేదారా? మళ్ల మొదటికొచ్చిందా?" అంది. మా ఇంట్లో ఇలాంటప్పుడు నేను ఏదో ఒక జోకు వేసి భయం గాలి తీసేస్తాను. అది నా పని. ఆ రోజు తీయాల్సిన గాలి నాదే అని తెలిసింది. లేచి తలుపు తోసుకుని మళ్లీ లోపలికి వెళ్లాను.

"సార్, దగ్గు కాదు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తాడు."

డాక్టరు పెన్ను ఆపాడు. "ఎవరు ఎత్తమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. నేను నవ్వించాను."

ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఒళ్లు వంచకపోవడం, అల్లుడు, అలక పాన్పు, అన్నీ. వివరించి చెప్పిన జోకు చచ్చిపోతుందంటారు. నాది డాక్టరు ముందు, నర్సు ముందు, తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ముందు, ఒక్కొక్క మాటగా చచ్చింది. ఎవరూ తిట్టలేదు. తిడితే కొంచెం సుఖంగా ఉండేది.

డాక్టరు దగ్గు అన్న మాట కొట్టేసి పక్కన ఏదో రాశాడు. "పరీక్షలు ఎలాగూ చేద్దాం. కానీ ఇరవై కిలోలకు కుంగడం వేరు, దగ్గుకు కుంగడం వేరు. బెల్టు వేసుకుని ఇంట్లోనే కొంచెం కొంచెం నడవండి. నొప్పి తగ్గాక ఫిజియో దగ్గర మొదటి నుంచి మళ్లీ నేర్చుకోండి." తర్వాత నా వైపు తిరిగి, "ఇంకోసారి ఇలాంటివి దాచొద్దు" అన్నాడు. జబ్బు అదుపులోనే ఉందని వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. మందు మార్చలేదు.

ఆ రోజు క్యాబులో ఇంటికి బయల్దేరాం. ఫ్లైఓవర్ ఎక్కాక నాన్న, "నిన్ను చెప్పుమని ఎవడన్నడు?" అన్నాడు.

"చెప్పకపోతే మంచం మీద పండబెడుతుండ్రి నాన్నా."

"పంటుంటి. ఏమాయె? క్యాన్ నేనే ఎత్తిన. నువ్వు ఎత్తుమనలే" అన్నాడు.

పట్టుకుని బయటపడడానికి అదొక తాడు. ఆయనే విసిరాడు. నేను పట్టుకోలేదు. "నేను చూసిన నాన్నా. ఆపొచ్చు. ఆపలే."

"ఎర్కే" అన్నాడు. "ఎత్తే ముందుగాల నీ దిక్కు చూసిన. వద్దంటవేమో అని."

ముందు సీట్లో అమ్మ కిటికీ వైపు తిరిగింది. క్యాన్ దగ్గర నాన్న చూసిన ఆ చూపును నేను గుర్తు చేసుకోవడానికి ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. గుర్తు రాదు. ఆ క్షణంలో నేను జనం మొహాలు చూస్తున్నాను.

నాన్న కోలుకోవడానికి రెండు నెలలకు పైగా పట్టింది. బెల్టుతో ఇంట్లో హాలు ఈ చివర నుంచి ఆ చివరకు, తర్వాత కారిడార్, తర్వాత కింద సెల్లార్. ఫిజియో ఈసారి నన్ను కూడా పక్కన నిలబెట్టి నేర్పింది. ఆయన ఎలా లేవాలో, నేను ఎక్కడ చెయ్యి పట్టాలో, ఎక్కడ పట్టకూడదో చూపించింది. డాక్టరు ఒప్పుకున్నాక ఒక ఆదివారం పార్కుకు బయల్దేరాం. గేటు ముందు నాన్న అన్నాడు, "నేనే చెప్త. నువ్వు చెప్తే కత చేస్తవ్."

మేనేజరు గారు దూరం నుంచే చెయ్యి ఊపారు. "అల్లుడుగారూ, ఇన్నాళ్లూ అత్తారింట్లోనే ఉండిపోయారా?"

"దవాఖానల తిరిగిన సార్" అన్నాడు నాన్న. "నాకు క్యాన్సర్ ఉన్నది. ఎముకలది. ఇప్పుడు మంచిగనే ఉన్న. వంగొద్దు, బరువెత్తొద్దు, నడవాలె. గంతే." బస్సు ఏయే స్టాపుల్లో ఆగుతుందో చెప్పినట్టు చెప్పాడు.

మేనేజరు గారి మొహంలో రంగు పోయింది. ఆయన గేటు పక్కనున్న నీళ్ల క్యాన్ వైపు చూసి, నాన్న నడుం వైపు చూసి, చివరికి నా దగ్గరికి వచ్చారు.

"మరి నువ్వు బద్ధకం అని చెప్పావేంటయ్యా?"

నేను నాన్న వైపు చూశాను. దగ్గు అని ఒకసారి కాపాడాడు, క్యాబులో ఇంకోసారి కాపాడబోయాడు. ఈసారి ఆయన నా జవాబు కోసం మిగతావాళ్లతో పాటే నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పానండి" అన్నాను. "ఆయన జన్మలో ఖాళీగా కూర్చోలేదు. మీరు నవ్వుతారని చెప్పాను."

నాన్న పాదాలతో సహా బాట వైపు తిరిగి, నడవడం మొదలుపెట్టాడు. నేను ఆయనకు ఎడమ వైపు నడిచాను. మొదటి రౌండంతా ఆయన అడుగులకు నా అడుగులు కలిపాను.